ముగింపన్నా ఉండాలి, ఊరన్నా ఉండాలి

స్టార్ మాలో 2017 అక్టోబర్ 16న మొదలైన ‘కార్తీకదీపం’ 2023 జనవరి 23న ముగిసింది. మొత్తం 1569 ఎపిసోడ్లు. ప్రకటనలు తీసేస్తే ఒక్కో ఎపిసోడ్‌లో ఇరవై రెండు నిమిషాల కథ ఉంటుందనుకున్నా లెక్క 575 గంటలకు చేరుతుంది. రాత్రనక పగలనక కూర్చుని చూస్తే ఇరవై నాలుగు రోజులు పడుతుంది. దానికంటే పొడుగైనది ఈటీవీ ‘అభిషేకం’. 2008 డిసెంబర్ 22న మొదలై 2022 ఫిబ్రవరి 1న 4000 ఎపిసోడ్లతో ముగిసింది. అది మొదలైన రోజు కడప జిల్లా మైదుకూరులో పుట్టిన బిడ్డ, అది ముగిసేనాటికి ఎనిమిదో తరగతికి వచ్చి ఉంటుంది. ఒక కథ అన్నేళ్లు ఒకే ఇంట్లో రోజూ వినిపించడం మామూలు విషయం కాదు. ఏ నవలకూ, ఏ సినిమాకూ మన ఇళ్లలో అంత సమయం దొరకలేదు. అందుకే సీరియళ్ల గురించి తేలిగ్గా మాట్లాడి తప్పుకోవడం మానేసి, వాటిని కథలుగా తూకం వేయాలి. అలా తూకం వేస్తే నాకు కనిపించేది ఇది: ఇన్ని ఎపిసోడ్లు తీయడం తప్పు కాదు, ఆ పొడవుకు సరిపడే కథను ఎంచుకోకపోవడం తప్పు. ఒక్క ముడి మీద నడిచే కథకు ముగింపు మొదటి రోజు షూటింగుకు ముందే రాసి ఉండాలి. ముగింపు అక్కర్లేదు, ఏళ్ల తరబడి నడపాలి అనుకుంటే ఆ కథకు ఒక కుటుంబం చాలదు, ఒక ఊరు కావాలి. మన సీరియళ్లలో చాలావాటికి రెండూ లేవు.

సీరియల్ అనే అలవాటు తెలుగువాళ్లకు టీవీతో రాలేదు. వారపత్రికలు, మాసపత్రికలు నేర్పిన అలవాటు అది. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ జ్యోతి మాసపత్రికలో వచ్చినప్పుడూ, యండమూరి ‘తులసిదళం’ ఆంధ్రభూమి వారపత్రికలో వచ్చినప్పుడూ పాఠకులు తర్వాతి సంచిక కోసం ఎదురుచూశారు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు లాంటి ఊళ్లలో అద్దె పుస్తకాల అంగళ్లు బతికింది ఈ నవలల మీదే. కానీ ఆ నవలకు ఎంత పేరొచ్చినా ఒకనాటికి చివర ‘సమాప్తం’ అని పడేది, తర్వాత పుస్తకంగా వచ్చేది. దూరదర్శన్ కూడా మొదట్లో ఇదే పద్ధతిలో నడిచింది. సీరియళ్లకు 13, 26, 52 ఎపిసోడ్ల చొప్పున అనుమతి ఇచ్చేది. రామానంద్ సాగర్ ‘రామాయణ్’కు ముందు అనుకున్నది 52 భాగాలు, 1987 జనవరి నుంచి 1988 జూలై దాకా 78 భాగాలకు సాగింది. బి.ఆర్. చోప్రా ‘మహాభారత్’ మొత్తం 94 భాగాల్లో పూర్తయింది. పద్దెనిమిది పర్వాల భారతానికి తొంభై నాలుగు భాగాలు సరిపోయాయి. 1990లలో హైదరాబాద్ దూరదర్శన్‌లో వచ్చిన ‘ఋతురాగాలు’ పత్రిక నవలకూ టీవీ సీరియల్‌కూ మధ్య వంతెన అయింది. యద్దనపూడి నవల ఆధారంగా దాన్ని తీసిన మంజులా నాయుడే తర్వాత జెమినీ టీవీకి ‘చక్రవాకం’, ‘మొగలిరేకులు’ ఇచ్చారు. మొదటిది 2003 నుంచి 2008 దాకా 1111 ఎపిసోడ్లు, రెండోది 2008 నుంచి 2013 దాకా 1368 ఎపిసోడ్లు. జెమినీ, ఈటీవీ రెండూ 1995లో వచ్చినవే. ప్రైవేటు ఛానెళ్లు వచ్చాక ‘ఇన్ని భాగాలు’ అనే గీత చెరిగిపోయింది. ప్రకటనలు వస్తున్నంత కాలం కథ నడుస్తుంది, ప్రకటనలు ఆగినప్పుడు కథ ఆగుతుంది. కథ ఎక్కడ ముగియాలన్న నిర్ణయం రచయిత చేతిలోంచి జారిపోయింది అప్పుడే.

‘కార్తీకదీపం’ ప్రసార చరిత్ర చూస్తే ఆ జారిపోవడం అడుగడుగునా కనిపిస్తుంది. దాని మూలం 2014లో మలయాళంలో ఏషియానెట్‌లో మొదలైన ‘కరుత్తముత్తు’. అందులో నాయికగా చేసిన ప్రేమీ విశ్వనాథే తెలుగులో దీప అయింది. అదే కథ కన్నడంలో ‘ముద్దులక్ష్మి’గా, తమిళంలో ‘భారతి కణ్ణమ్మ’గా, మరాఠీలో ‘రంగ్ మాఝా వేగళా’గా వచ్చింది. నల్లగా ఉన్న దీపను డాక్టర్ కార్తీక్ ప్రేమించి పెళ్లి చేసుకుంటాడు. తనకు పిల్లలు పుట్టరని తప్పుడు పరీక్ష చెబితే నమ్మి, గర్భవతి అయిన భార్యను అనుమానిస్తాడు. ఆ అబద్ధం వెనక కార్తీక్‌ను తనవాణ్ణి చేసుకోవాలనుకునే మోనిత ఉంటుంది. కవలపిల్లలు విడిపోయి ఒకరు తల్లి దగ్గర, ఒకరు తండ్రి ఇంట్లో పెరుగుతారు. దీప వంట చేసి బతుకుతూ వంటలక్క అవుతుంది. ఈ కథ మొదటి భాగంలో నిజమైన సత్తా ఉంది. ఒంటి రంగును బట్టి ఆడపిల్లకు విలువ కట్టడం మన ఇళ్లలో పెళ్లిచూపుల నుంచీ ఉన్నదే. ఒక నల్లని ఆడమనిషిని నాయికగా నిలబెట్టి, ఆమెను ఈసడించిన అత్త సౌందర్య మనసు మెల్లగా మారడం చూపించడానికి ధైర్యం కావాలి. (ఆ నలుపు కోసం తెల్లటి నటికి రంగు పూయాల్సి రావడం గురించి విడిగా మాట్లాడాల్సిందే.) రోజూ పనికి పోయి, వండి, బిడ్డను సాకి, ఎవరి ముందూ తల దించని దీపను లక్షల మంది ఆడవాళ్లు తమ మనిషి అనుకున్నారంటే అందులో ఆశ్చర్యం లేదు. చీపురు చేతిలో పెట్టి ఏడిపించే కోడళ్లను చూసి విసిగిన వాళ్లకు తన కాళ్ల మీద తాను నిలబడిన మనిషి దొరికింది.

కానీ ఆ ముడి విప్పడానికి కావలసింది ఒక డీఎన్‌ఏ పరీక్ష. కథానాయకుడు డాక్టరు. అతను నిజంగా తెలుసుకోవాలనుకుంటే కొద్ది రోజుల్లో తేలిపోయే విషయం. తేలితే కథ అయిపోతుంది కాబట్టి తేలకూడదు. అందుకని ఏం చేశారో దగ్గరగా చూడండి. నిజం తెలిసిన మనిషి నోరు తెరుస్తుంది. అందరి ముఖాలనూ ఒకదాని తర్వాత ఒకటి మూడేసి సార్లు దగ్గరకు లాగి చూపిస్తారు, వెనక ఉరుము వినిపిస్తుంది. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగుతుంది, లేదా గుమ్మంలోకి ఇంకెవరో వస్తారు, లేదా చెప్పబోయిన మనిషి కళ్లు తిరిగి పడిపోతుంది. మరునాడు మొదటి మూడు నాలుగు నిమిషాలు నిన్నటి దృశ్యమే. ఆ తర్వాత పాత ఎపిసోడ్లలోని సంభాషణ జ్ఞాపకంగా వస్తుంది. వారం గడిచేసరికి నిజం చెప్పాల్సిన మనిషి చెప్పకపోవడానికి ఇంకో కారణం పుడుతుంది. ఇది ఒక్క ‘కార్తీకదీపం’ పద్ధతి కాదు, ముడి మీద బతికే సీరియళ్లన్నిటికీ ఉన్నదే. దీనివల్ల జరిగే నష్టం చూసేవాళ్ల సమయం ఒక్కటే అయితే ఇంత రాయనక్కర్లేదు. నష్టం పాత్రలకు జరుగుతుంది. కార్తీక్ మొదట అనుమానంతో నలిగిపోయే మనిషి. ఎపిసోడ్లు గడిచేకొద్దీ కళ్లెదుట ఉన్నది చూడలేని మనిషిగా మారిపోయాడు. దీప ఆత్మాభిమానం ఉన్న మనిషి. కథ సాగాలి కాబట్టి పదే పదే అవమానపడి సహించాల్సి వచ్చింది. తొలి భాగంలో ఆ కథ ఏ విలువ కోసం నిలబడిందో, సాగదీత ఆ విలువనే తినేసింది.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి షూటింగులు ఆగాయి, జూన్‌లో మళ్లీ మొదలయ్యాయి. ఆ ఖాళీలో ఛానెళ్లు పాత సీరియళ్లను తిరిగి వేశాయి, దూరదర్శన్ మార్చి 28 నుంచి ‘రామాయణ్’ వేసింది. దేశమంతా కూర్చుని చూసింది. ముప్పై ఏళ్ల కిందట ముగిసిన కథ, అంతకు వేల ఏళ్ల ముందు నుంచే అందరికీ ముగింపు తెలిసిన కథ. రెండేళ్లకు, 2022 మార్చిలో, ‘కార్తీకదీపం’లో కార్తీక్, దీప ప్రమాదంలో చనిపోయినట్టు చూపించి, కథను కొన్నేళ్లు ముందుకు జరిపి, కూతుళ్లు హిమ, శౌర్యల మీదకు మళ్లించారు. రేటింగులు పడిపోయాయి. ఆ ఏడాదిలోనే ఇద్దరూ బతికే ఉన్నారని వెనక్కి తెచ్చారు. చావు కూడా ముగింపు కాలేకపోయిన కథను ఇంకేది ముగించగలదు? 2023 జనవరిలో ఆపేశారు. పద్నాలుగు నెలల తర్వాత, 2024 మార్చి 25న, అదే ప్రధాన నటీనటులతో, కొత్త కథతో ‘కార్తీకదీపం: ఇది నవ వసంతం’ మొదలుపెట్టారు. జనం వచ్చారు. ఈ చివరి సంగతి గుర్తుంచుకోవాలి, మళ్లీ దాని దగ్గరకు వస్తాను.

ఛానెళ్లు చెప్పే పెద్ద అభ్యంతరం ఇది: ‘జనం చూస్తున్నారు కాబట్టి తీస్తున్నాం. రిమోట్ వాళ్ల చేతిలోనే ఉంది కదా, వద్దనుకుంటే మార్చుకుంటారు.’ మాట సబబుగానే వినిపిస్తుంది. 2015 నుంచి బార్క్ ఇచ్చే రేటింగులు ప్రతి గురువారం వస్తాయి, ‘కార్తీకదీపం’ ఏళ్ల తరబడి తెలుగులో మొదటి స్థానంలో ఉంది. కానీ రేటింగు కొలిచేది ఆ నిమిషంలో ఏ ఛానెల్ పెట్టి ఉందన్నది మాత్రమే. ఈ కథ ఇంకా సాగాలని కోరుకుంటున్నారా, దీపకు న్యాయం ఎప్పుడు జరుగుతుందా అని ఓపిక పట్టి కూర్చున్నారా అన్నది ఆ యంత్రానికి తెలియదు. న్యాయం కోసం ఎదురుచూడటాన్ని సాగదీతకు ఆమోదంగా లెక్కగట్టడం సరైన లెక్క కాదు. 1988లో ‘రామాయణ్’ పట్టాభిషేకంతో ముగిసినప్పుడు ఉత్తరకాండ కూడా చూపించాలని జలంధర్‌లో పారిశుధ్య కార్మికులు సమ్మె చేశారు. ఆ ఒత్తిడితోనే తర్వాత లవకుశుల కథ తీశారు. చూసేవాళ్లే పొడిగించమంటారు అనడానికి దీన్ని సాక్ష్యంగా చెప్పొచ్చు. నాకు మాత్రం ఇది అటువైపు సాక్ష్యంగా కనిపిస్తుంది. వాళ్లు తమకు తెలిసిన కథలో మిగిలిపోయిన భాగాన్ని అడిగారు, కథ పూర్తి కావాలని అడిగారు. లంకలో యుద్ధాన్ని ఇంకో ఏడాది నడపమని ఎవరూ సమ్మె చేయలేదు.

ముగింపు ముందే ప్రకటిస్తే ఆసక్తి పోతుందని ఇంకో మాట. రాయలసీమలో ఈ మాట అనడం కష్టం. కడపకు పక్కనే ఉన్న చిత్తూరు ప్రాంతంలో ఊరూరా భారతం ఆడతారు. పద్దెనిమిది రోజులని అందరికీ ముందే తెలుసు. చివరి రోజు మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడి బొమ్మ దగ్గర వధ జరుగుతుందనీ తెలుసు. ఆ రోజే జనం ఎక్కువ వస్తారు. కడప జిల్లా పల్లెల్లో జాతరలకూ, తిరుణాళ్లకూ రాత్రంతా ఆడే కురుక్షేత్రం, సత్యహరిశ్చంద్ర నాటకాలూ అంతే. రాయబారం ఏమవుతుందో తెలియని వాడు ఆ జనంలో ఒక్కడూ ఉండడు, అయినా పద్యం అయ్యాక వన్స్‌మోర్ అని కేకలు పెడతారు. మైదుకూరుకు దగ్గర్లోని బ్రహ్మంగారిమఠంలో వీరబ్రహ్మేంద్రస్వామి జీవసమాధి ఉంది. ఆయన కథ ఎక్కడ ఎలా ముగుస్తుందో ఆ సమాధే చెబుతుంది, అయినా ఆ చరిత్ర నాటకానికి జనం తరగలేదు. కథలో ఏం జరుగుతుందన్నదానికంటే ఎలా జరుగుతుందన్నది చూడటానికి వచ్చే ప్రేక్షకులు వీళ్లు. లాటిన్ అమెరికాలో టీవీ కథలకు పరిమిత కాలంలో ముగింపు పెట్టడం అలవాటు. కొలంబియాలో 1999లో మొదలై 2001లో ముగిసిన ‘యో సోయ్ బెట్టీ లా ఫెయా’ ఆ తర్వాత ఎన్నో దేశాలకు వెళ్లింది, మన దగ్గర హిందీలో ‘జస్సీ జైసీ కోయీ నహీ’ అయింది. ముగిసిన కథ కాబట్టే అది ఇన్ని చోట్లకు పోగలిగింది.

ఇక జీవనోపాధి. ఈ అభ్యంతరాన్ని గౌరవంగా వినాలి. ఒక డైలీ సీరియల్ మీద నటీనటులు, కెమెరా, లైట్లు, మేకప్, కాస్ట్యూములు, ఎడిటింగు, డబ్బింగు, భోజనాలు, కారు డ్రైవర్లు, ఇలా ఎన్నో కుటుంబాలు బతుకుతాయి. డబ్బింగ్ సీరియళ్లు ముంచెత్తినప్పుడు హైదరాబాద్‌లో తెలుగు టీవీ కళాకారులు రోడ్డెక్కింది కూడా ఈ భయంతోనే. వెయ్యి ఎపిసోడ్ల సీరియల్ అంటే వాళ్లకు మూడేళ్లకు పైగా పని. అయితే ఒక సీరియల్ ముగిస్తే ఆ అరగంట ఖాళీగా ఉండదు. సోమవారం నుంచి అదే సమయానికి ఇంకో సీరియల్ వస్తుంది, దానికీ కెమెరా కావాలి, లైట్లు కావాలి. నిజానికి ఇప్పుడున్న పద్ధతిలోనే భద్రత తక్కువ. నాలుగు గురువారాలు అంకెలు పడితే పాత్రను చంపేస్తారు, నటిని మార్చేస్తారు, ప్రసార సమయం రాత్రి నుంచి మధ్యాహ్నానికి జరుపుతారు, లేదా వారం ముందు చెప్పి ఆపేస్తారు. నాలుగు వందల ఎపిసోడ్లని ముందే రాసుకుని ఒప్పందం చేసుకుంటే కార్మికుడికి ఎన్ని రోజుల పని ఉందో తెలుస్తుంది, నటికి తర్వాతి ఏడాది ఏం చేయాలో తెలుస్తుంది. మంచి రచయితలు ఈ రంగానికి రాకపోవడానికి కూడా ఇదే కారణమని నా అభిప్రాయం. ముగింపు తన చేతిలో లేని కథను ఏ రచయిత మనసు పెట్టి రాస్తాడు? కొత్త సీరియల్ కుదురుకోవడానికి నెలలు పడుతుందనీ, సెట్టు ఖర్చు తిరిగి రావాలనీ నిర్మాతలు అంటారు. అది వాస్తవం. అందుకే నేను వంద ఎపిసోడ్లు అనడం లేదు. మూడు వందలో, ఐదు వందలో, లెక్క వాళ్లదే. ఆ లెక్క మొదటి రోజే ఉండాలన్నది ఒక్కటే నేను అడిగేది. హిట్టయితే ఏం చేయాలన్నదానికి ‘నవ వసంతం’ దారి చూపించింది: ముగించండి, కొంత విరామం ఇవ్వండి, అదే మనుషులతో కొత్త కథ చెప్పండి.

అన్నిటికంటే బలమైన అభ్యంతరం ఇంకొకటి ఉంది, దాన్ని ఛానెళ్లు కాదు, చూసేవాళ్లే చెబుతారు. పిల్లలు బెంగళూరులోనో, హైదరాబాద్‌లోనో, కువైట్‌లోనో ఉండి, పొద్దుగూకాక ఇంట్లో ఒక్కతే మిగిలే పెద్దామెకు సీరియల్ అంటే కథ కాదు, తోడు. రోజూ అదే సమయానికి తెలిసిన ముఖాలు వచ్చి మాట్లాడతాయి. ఆమెకు ముగింపుతో పని లేదు. ఆ మనుషులు రేపు కూడా రావాలి, అంతే. పొద్దంతా పసుపు చేలో కలుపు తీసి వచ్చిన మనిషి అరగంట సేపు కాళ్లు చాపుకుని కూర్చుని చూసే దాన్ని ‘ఆడవాళ్ల పిచ్చి’ అనేవాళ్లతో నాకు ఏ మాత్రం పొత్తు లేదు. ఆ కోరిక న్యాయమైనది. ఆ కోరికకు తగిన రూపం కూడా ప్రపంచంలో ఉంది. ఇంగ్లండ్‌లో ‘కొరొనేషన్ స్ట్రీట్’ 1960 డిసెంబర్ 9న మొదలై ఇంకా నడుస్తోంది. మొదటి ఎపిసోడ్‌లో కాలేజీ కుర్రాడిగా కనిపించిన కెన్ బార్లో పాత్రలో విలియం రోచ్ ఆ తెర మీదే ముసలివాడయ్యాడు. అరవై ఏళ్లు దాటినా అది సాగదీసినట్టు ఉండకపోవడానికి కారణం అందులో విప్పాల్సిన ముడి ఒకటే ఉండకపోవడం. అది ఒక వీధి కథ. ఒక ఇంట్లో పెళ్లి అవుతుంది, ఇంకో ఇంట్లో ఉద్యోగం పోతుంది, ఒకరు చనిపోతారు, కొత్తవాళ్లు అద్దెకు వస్తారు. ఏ కష్టమైనా కొన్ని వారాల్లో ఏదో ఒక దారి పడుతుంది, వీధి మాత్రం ఉంటుంది. మనకూ ఈ రూపం కొత్త కాదు. గుణ్ణం గంగరాజు ‘అమృతం’ 2001 నుంచి 2007 దాకా జెమినీలో వారానికొకసారి వచ్చింది. అమృత విలాస్ హోటలూ, ఇంటి ఓనరు అప్పాజీ, పక్కింటి మనుషులూ మారలేదు. ఏ వారం కథ చాలావరకు ఆ వారానికే పూర్తయ్యేది. ఇప్పటికీ దాన్ని వెతుక్కుని చూస్తున్నారు. మన డైలీ సీరియళ్లు చేస్తున్న పొరపాటు ఈ రెండు రూపాలనూ కలిపేయడం. కథ ఒక ముడిది, పొడవు ఒక ఊరిది.

ఊరి కథే కావాలంటే మైదుకూరు ఉంది. ఇక్కడ నాలుగు రోడ్లు కలుస్తాయి: ఒకటి కడపకు, ఒకటి ప్రొద్దుటూరుకు, ఒకటి బద్వేలుకు, ఒకటి ఆళ్లగడ్డ మీదుగా నంద్యాలకు. నెల్లూరు వైపు నుంచి బళ్లారి వైపు పోయే లారీలూ, కర్నూలు నుంచి తిరుపతికి పోయే బస్సులూ ఈ కూడలి దాటాల్సిందే. ఆ సెంటర్‌లో ఒక టీ అంగడి, దాని పక్కన ఒక ఎరువుల అంగడి, వెనక సందులో నాలుగిళ్లు. ఇంత చాలు. కేసీ కాలువకు నీళ్లు వదులుతారా లేదా అన్నది ఏటా వచ్చే ఉత్కంఠ, దాన్ని ఏ రచయితా కల్పించనక్కర్లేదు. పసుపు తొమ్మిది నెలల పంట. వానాకాలం మొదట్లో నాటి, ఎండాకాలం ముందు తవ్వి, ఉడకబెట్టి, ఆరబెట్టి, కడప యార్డుకు తీసుకుపోయేదాకా ఆ ఇంట్లో పెళ్లి మాట ముందుకు కదలదు. ధర పలికితే ప్రొద్దుటూరు బంగారు అంగళ్లకు ప్రయాణం, పలకకపోతే మధ్యవర్తుల దగ్గర మాట పడటం. పులివెందుల వైపు చీనీ తోట ఎండిపోతే బోరు వేయాలా, తోట కొట్టేయాలా అన్న తగువు అన్నదమ్ముల మధ్య పుడుతుంది. జమ్మలమడుగు నుంచి కోడలొస్తుంది, ఆమె పుట్టింటి మగ్గం ఆగిపోయిన సంగతి వెనకే వస్తుంది. కువైట్‌కు పోయిన మొగుడు వీడియో కాల్‌లో మాత్రమే కనిపించే భార్య, ఆమె చేసే ఒంటరి నిర్ణయాలు. ఈ కథల్లో ఎవరినీ విషం పెట్టే ఆడదానిగా చూపించాల్సిన అవసరం రాదు. వానా, ధరా, అప్పూ, దూరమూ చాలు. నాలుగు వేల ఎపిసోడ్లయినా సరిపోయేంత బతుకు ఇక్కడ ఉంది.

ఇది కొత్తగా కనిపెట్టాల్సిన సంగతీ కాదు. కడప జిల్లా ఊళ్ల పేర్ల మీదే పరిశోధన చేసి డాక్టరేట్ పొందిన కేతు విశ్వనాథరెడ్డి, తన కథలకు 1996లో సాహిత్య అకాడెమీ అవార్డు అందుకున్నారు. సొదుం జయరాం, ప్రొద్దుటూరు దాదాహయాత్, సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి, వేంపల్లె గంగాధర్, ఇలా ఈ నేల మనుషులను రాసినవాళ్లు వరసగా ఉన్నారు. సినిమాకు మాత్రం 1990ల చివరి నుంచి సీమ అంటే సుమోలు, కత్తులు, బాంబులు. టీవీ సీరియల్‌కు అసలు సీమే లేదు. సీరియల్ కుటుంబం ఎప్పుడూ పేరు చెప్పని ఒక నగరంలో, మెట్లు రెండు వైపులా దిగే ఒక పెద్ద హాలులో ఉంటుంది. కడప మాట వినిపిస్తే అది విలన్ మనిషిదో, పనిమనిషిదో అయి ఉంటుంది. పదమూడేళ్లు రోజూ ఒక కథను తన ఇంట్లోకి రానిచ్చిన మైదుకూరు ఆడమనిషికి, ఆ కథలో తనలా మాట్లాడే ఒక్క గౌరవమైన పాత్ర కనపడకపోవడం నన్ను నిజంగా బాధపెడుతుంది. అదే కథ ఆరు భాషల్లో రీమేక్ కావాలంటే ఊరు ఉండకూడదు, యాస ఉండకూడదు, పంట ఉండకూడదు. హాలు ఉంటే చాలు. రీమేకుల లెక్క ఛానెల్ గ్రూపులకు లాభమే, కాదనను. కానీ ఊరున్న కథ ఊరు దాటదన్న భయానికి ఆధారం లేదు. సాల్ఫర్డ్ లాంటి ఒక ఉత్తర ఇంగ్లండ్ పట్టణపు యాసతో మొదలైన ‘కొరొనేషన్ స్ట్రీట్’నే దేశమంతా చూసింది.

ఊరి సీరియల్‌కు ఖర్చు ఎక్కువవుతుందని అంటారు. హైదరాబాద్ స్టూడియోలో హాలు కట్టగలిగిన వాళ్లు నాలుగిళ్ల సందునూ, ఒక టీ అంగడినీ కట్టగలరు. కావాల్సింది నెలకొకసారి ఇక్కడికి వచ్చి కాలువా, యార్డూ, బస్టాండూ తీసుకుపోయే చిన్న బృందం. అంతకంటే ముఖ్యంగా, మాటలు రాయడానికి ఈ జిల్లాలో పుట్టి పెరిగిన ఇద్దరు ముగ్గురు రచయితలు. డైలీ సీరియళ్లలో కథ ఒకరిది, స్క్రీన్‌ప్లే ఒకరిది, మాటలు ఇంకొకరివి అని విడగొట్టడం ఇప్పటికే ఉంది. ఆ మాటల కుర్చీలో సీమ మనిషిని కూర్చోబెట్టడానికి అదనంగా పెట్టాల్సిన డబ్బు ఏమంత లేదు. యోగి వేమన విశ్వవిద్యాలయం తెలుగు శాఖ నుంచి బయటికొచ్చే పిల్లల్లో కథలు రాసేవాళ్లు ఉన్నారు, వాళ్లకు ఉద్యోగాలు లేవు. ఊరు వద్దు, ముడి కథే తీస్తామంటే అదీ మంచిదే. అప్పుడు కొత్త సీరియల్ మొదటి ప్రోమోలో నటీనటుల పేర్లతో పాటు ఎన్ని ఎపిసోడ్లో కూడా వేయాలి. ‘నవ వసంతం’ ఇప్పటికే నడుస్తున్న కథ కాబట్టి స్టార్ మా దాని చివరి ఎపిసోడ్ తేదీని ఆరు నెలల ముందే ప్రకటించి చూడొచ్చు. ఆ ఆరు నెలల్లో గురువారం అంకెలు పడతాయో పెరుగుతాయో అందరికీ తెలిసిపోతుంది.